చంద్రుడి మీద దిగే ఆట: 1969 ఫోకల్ ప్రోగ్రామ్, అటారీ క్యాబినెట్, అసలు అపోలో లెక్కలు

టెలిటైప్33

అపోలో 11 దిగింది 1969 జులై 20న. ఆ ఏడాది చలికాలం రాకముందే, అమెరికాలోని లెక్సింగ్టన్ హైస్కూల్ విద్యార్థి జిమ్ స్టోరర్ డిజిటల్ కంపెనీ వాళ్ల పీడీపీ-8 కంప్యూటర్ మీద ఫోకల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చంద్రుడి మీద దిగే ఆట రాశాడు. ఆ కంపెనీలోనే పనిచేసే డేవిడ్ ఆల్ దాన్ని బేసిక్ భాషలోకి మార్చి 1973లో ఆటల సంకలనంలో వేశాక అది దేశదేశాలూ తిరిగింది. ఇప్పుడు నెట్‌లో దొరికే నకళ్లలో చాలావాటికి అసలు అంకెలు లేవు, అసలు లెక్కా లేదు. అందుకే ఈ అంశం మొదలుపెడుతున్నాను. తెలిసినవాళ్లు తలా ఒక చెయ్యి వేయండి.

మొదట అంకెలు. ఎత్తు 120 మైళ్లు. కిందికి వేగం సెకనుకు 1 మైలు, అంటే గంటకు 3600. మొత్తం బరువు 32,500 పౌండ్లు, అందులో ఇంధనం 16,000, ఖాళీ నౌక 16,500. చంద్రుడి ఆకర్షణ సెకను వర్గానికి 0.001 మైలు. ఎగ్జాస్ట్ వేగం, అంటే ఇంజిన్ నుంచి వాయువు దూసుకొచ్చే వేగం, సెకనుకు 1.8 మైళ్లు. ప్రతి 10 సెకన్లకు ఒకసారి ఇంధనం రేటు అడుగుతుంది. 0 ఇవ్వచ్చు, లేదా 8 నుంచి 200 పౌండ్ల మధ్య ఏదైనా ఇవ్వచ్చు. 1 నుంచి 7 దాకా ఇస్తే ఒప్పుకోదు.

ఇక్కడ గమనించాల్సింది ఆ ఆకర్షణ. 0.001 మైలు అంటే 1.609 మీటర్లు. చంద్రుడి మీద అసలు విలువ సుమారు 1.62. గుండ్రంగా కనిపించే అంకె వేసి కూడా నిజానికి అంత దగ్గరగా వచ్చాడు ఆ కుర్రాడు.

దీన్ని తెర మీద కాదు, టెలిటైప్ కాగితం మీద ఆడేవాళ్లని మరిచిపోకూడదు. కంప్యూటర్‌కి తగిలించిన ఆ టైపు యంత్రం, ఏఎస్ఆర్-33, సెకనుకు 10 అక్షరాలు కొడుతుంది. సమయం, ఎత్తు మైళ్లలో, అడుగుల్లో, వేగం, ఇంధనం... ఇవన్నీ ఉన్న వరస అచ్చవడానికే అయిదారు సెకన్లు పట్టేది. ఆటలో 10 సెకన్లు గడిస్తే బయట కూడా దాదాపు అంతే గడిచేది. కాగితం కదులుతూ అంకె తర్వాత అంకె పడుతుంటే చూసే ఉత్కంఠ ఇప్పటి తెర మీద ఒక్కసారిగా వచ్చిపడే వరసలో లేదు.

సున్నాఒకటి

మంచి అంశం ఎత్తుకున్నారు. ఒక సందేహం. పైథాన్‌లో తిరగరాసేటప్పుడు కొలతలన్నీ మెట్రిక్‌లోకి మార్చి, ప్రతి 10 సెకన్లకు "త్వరణం = తోపుడు ÷ బరువు" అని వేస్తే ఫలితాలు పాత కాగితాల్లోని అంకెలతో కలవట్లేదు. తేడా మొదట చిన్నగానే ఉంటుంది, నేల దగ్గరికి వచ్చేసరికి బాగా పెరుగుతుంది. మార్పిడిలో తప్పా, లెక్కలో తప్పా?

గోదారిగట్టు

రెండూ అయ్యుండచ్చు. మార్పిడి ముందు చూడండి.

ఎత్తు 193.12 కిలోమీటర్లు, వేగం సెకనుకు 1.6093, ఆకర్షణ 0.0016093, ఎగ్జాస్ట్ వేగం 2.8968. ఈ నాలుగే మార్చాలి. పౌండ్లను ముట్టుకోనక్కర్లేదు. బరువు ఎక్కడ వచ్చినా ఇంధనం ÷ బరువు అనే నిష్పత్తిగానే వస్తుంది, పైన పౌండ్లు కింద పౌండ్లు కొట్టుకుపోతాయి. చాలామంది ఇంధనం రేటును కిలోల్లోకి మార్చి బరువును పౌండ్లలోనే వదిలేస్తారు. అప్పుడు తోపుడు సగానికన్నా తగ్గిపోయి నౌక రాయిలా పడుతుంది.

ఇక లెక్క. మీరు రాసిన పద్ధతిలో 10 సెకన్లపాటు బరువు మారదని అనుకుంటున్నారు. కానీ 200 చొప్పున మండిస్తే ఆ 10 సెకన్లలోనే 2000 పౌండ్లు తగ్గుతుంది, నౌక తేలికపడుతుంది, అదే మంట ఇంకా గట్టిగా తోస్తుంది. నిండు బరువు మీద మొదటి అడుగు, అంటే మొదటి 10 సెకన్ల లెక్క, చూడండి. మీ పద్ధతిలో వేగం తగ్గుదల 1.8 × 2000 ÷ 32,500 = 0.11077 మైళ్లు. నిజంగా తగ్గేది 0.11432. తేడా గంటకు 12.8 మైళ్లు, అదీ ఒక్క అడుగులో! గంటకు 1 మైలు లోపు దిగితేనే 'చక్కటి ల్యాండింగ్' అనే ఆటలో 12.8 తేడా వస్తే ఇంకేం మిగిలింది?

స్టోరర్ ఆ తప్పు చేయలేదు. మండేకొద్దీ బరువు తగ్గడాన్ని కలుపుకునే సియాల్కోవ్‌స్కీ రాకెట్ సమీకరణాన్నే వాడాడు, దాన్ని శ్రేణిగా విప్పి. హైస్కూల్ కుర్రాడు రాసిన ఆటలో ఇది ఉండటం చూస్తే ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

టెలిటైప్33

గోదారిగట్టు గారు సరిగ్గా పట్టుకున్నారు. ఆ శ్రేణి ఇదీ.

నిష్పత్తి = సెకన్లు × ఇంధన రేటు ÷ బరువు. దీన్ని 'ని' అందాం.

కొత్త వేగం = పాత వేగం + ఆకర్షణ × సెకన్లు − 1.8 × (ని + ని²/2 + ని³/3 + ని⁴/4 + ని⁵/5)

కొత్త ఎత్తు = పాత ఎత్తు − ఆకర్షణ × సెకన్లు² ÷ 2 − పాత వేగం × సెకన్లు + 1.8 × సెకన్లు × (ని/2 + ని²/6 + ని³/12 + ని⁴/20 + ని⁵/30)

మొదటి కుండలీకరణంలో ఉన్నది సహజ లాగరిథమ్ శ్రేణి. రెండోది దాన్నే ఒకసారి సమాకలనం చేస్తే వచ్చేది. అయిదు పదాలతో ఆపేశాడు. 10 సెకన్ల అడుగులో 'ని' ఎంత పెద్దదైనా 0.12 చుట్టుపక్కలే, కాబట్టి వదిలేసిన పదాల వల్ల వచ్చే తప్పు గంటకు ఒక మైలులో కొన్ని వేల వంతులే. అదే మీరు అడుగును 60 సెకన్లకు పెంచారనుకోండి, నిండు బరువు మీద 200 చొప్పున మండిస్తే తప్పు గంటకు 4 మైళ్లకు చేరుతుంది. కాబట్టి అడుగు పొడవు మార్చేవాళ్లు శ్రేణిని వదిలి నేరుగా లాగ్ వాడండి.

పీడీపీ-8లో నేరుగా లాగ్ ఎందుకు వాడలేదంటే, దాని మూల మెమరీ 12 బిట్ల పదాలు 4096 మాత్రమే. ఫోకల్ కూర్చున్నాక మిగిలేది చాలా తక్కువ. ఫోకల్-69 మొదలవగానే రెండు ప్రశ్నలు అడుగుతుంది: లాగ్, ఎక్స్‌పొనెన్షియల్, ఆర్క్‌టాన్ ఉంచాలా? సైన్, కొసైన్ ఉంచాలా? రెండింటికీ వద్దంటే ఆ చోటు మీ ప్రోగ్రామ్‌కి వస్తుంది. ఈ ఆటకు వర్గమూలం ఒక్కటి చాలు. అందుకే రెండింటికీ నిశ్చింతగా వద్దనవచ్చు.

గోదారిగట్టు

ఫోకల్ నుంచి ఏ భాషలోకి మార్చేవాళ్లకైనా ఒక హెచ్చరిక. ఫోకల్‌లో గుణకారం వంతు భాగహారం కన్నా ముందు వస్తుంది. 12/2\*3 అని రాస్తే బేసిక్, పైథాన్ 18 ఇస్తాయి. ఫోకల్ మాత్రం ముందు 2\*3 చేసి 2 ఇస్తుంది. స్టోరర్ కుండలీకరణాలు జాగ్రత్తగా పెట్టాడు కాబట్టి ఈ ఆట బతికిపోయింది. ఇతర ఫోకల్ ఆటల్ని ఉన్నదున్నట్టు దించితే అర్థంకాని తప్పులు వచ్చేది ఇక్కడే.

ఇంకొకటి, ఆట చివర "మళ్లీ ఆడతారా" అన్న ప్రశ్న. ఫోకల్‌లో అక్షరాల చరరాశులు లేవు. అక్షరాలు టైపు చేస్తే వాటినీ అంకెలుగానే తీసుకుంటుంది, ఏ అంటే 1, బి అంటే 2, అలా జెడ్ 26. 'నో' అనే ఇంగ్లిష్ మాటలో ఎన్ 14, ఓ 15. 14 × 10 + 15 = 155. అంటే ప్రోగ్రామ్ పోల్చేది 155తో! 'యెస్' మధ్యలో ఉన్న 'ఈ' అక్షరాన్ని పది ఘాతం గుర్తుగా చదువుతుంది. దీన్ని తెలియక మార్చినవాళ్ల ఆటల్లో ఆ ప్రశ్న దగ్గరే తేడా కొడుతుంది.

వెన్నెలదారి

ఆడే విధానం కూడా రాద్దాం. దీన్ని చాలామంది మొదటి నుంచీ కొంచెం కొంచెంగా మండిస్తూ దిగుతారు. అది ఇంధనం దండగ. నెమ్మదిగా దిగితే చంద్రుడు ఎక్కువసేపు లాగుతూ ఉంటాడు, ఆ లాగుడుకు ఎదురు నిలవడానికే ఇంధనం పోతుంది. వీలైనంతసేపు ఊరికే పడి, చివర్లో నిండుగా మండించడం మేలు.

ఏడు సార్లు 0 ఇవ్వండి. 70 సెకన్లకు ఎత్తు 47.55 మైళ్లు, అంటే 47 మైళ్ల 2904 అడుగులు. వేగం గంటకు 3852. ఇక్కడి నుంచి వరసగా 200 ఇస్తూ పోతే సుమారు 76.5 సెకన్లకు వేగం సున్నా అవుతుంది, ఖర్చు దాదాపు 15,300 పౌండ్లు. కానీ అప్పటికి నేల ఇంకా సుమారు 2 మైళ్ల కింద ఉంటుంది. మిగిలిన 700 పౌండ్లతో ఆ 2 మైళ్లూ దిగడం కష్టం. అందుకే మొదటి మంటను 200 కాకుండా 164కి కాస్త పైన పెట్టి, ఆ తర్వాత నుంచి 200 ఇస్తే ఆగేచోటు నేల దగ్గరికి దిగుతుంది. చివరి ఒకటి రెండు అడుగుల్లో అంకెలు చూసి సర్దుకోవాలి.

70 దాటి 80 దాకా ఆగితే? ఇంధనం 200 చొప్పున 80 సెకన్లకు మాత్రమే వస్తుంది. 80 సెకన్లకు ఎత్తు 36.8 మైళ్లు, వేగం 3888. నిండు మంటతో ఆగడానికి కావాల్సింది 45 మైళ్లకు పైనే. ఇక చేసేదేమీ లేదు.

సున్నాఒకటి

ఇప్పుడు కలిశాయి, శ్రేణి వేశాక అంకెలు ఒక్కటే వస్తున్నాయి. ఇంకో చిన్న విషయం. ఆట మొదట్లో "ఊరికే పడితే నేల తాకే సమయం 120 సెకన్లు" అని ఉంటుంది. లెక్క వేస్తే 113.6 వస్తోంది.

వెన్నెలదారి

మీ లెక్కే సరైనది. 120 అన్నది 120 మైళ్లను సెకనుకు 1 మైలుతో భాగించి వేసిన ఉజ్జాయింపు. ఆకర్షణ కలిపితే 113.6. ఆ ప్రకటనను నమ్మి ఆడేవాళ్లకు ఆరు సెకన్లు ముందే నేల వస్తుంది.

టెలిటైప్33

ఈ ఆటలో నిజమైన తప్పు ఒకటుంది, అది 2024 దాకా ఎవరి కంటా పడలేదు. 55 ఏళ్లు!

10 సెకన్ల అడుగు మధ్యలో నౌక కిందికి వచ్చి, మంట ఎక్కువై మళ్లీ పైకి లేచిందనుకోండి. అడుగు చివర ఎత్తు మాత్రమే చూస్తే అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది, మధ్యలో నేలను తాకిన సంగతి తెలియదు. దీన్ని పట్టుకోవడానికి స్టోరర్ నౌక అన్నిటికన్నా కిందికి వచ్చే క్షణం, అంటే వేగం సున్నా అయ్యే క్షణం ఎప్పుడో లెక్కగట్టాడు. ఆలోచన గొప్పది. సూత్రం ఇదీ:

'డ' = (1 − బరువు × ఆకర్షణ ÷ (1.8 × రేటు)) ÷ 2

సమయం = బరువు × వేగం ÷ (1.8 × రేటు × (డ + వర్గమూలం(డ² + వేగం ÷ 1.8))) + 0.05

లాగ్ శ్రేణిలో మొదటి రెండు పదాలు తీసుకుని వర్గ సమీకరణాన్ని మీరే సాధించి చూడండి. వర్గమూలం లోపల రావాల్సింది వేగం ÷ 3.6, వేగం ÷ 1.8 కాదు. అంటే ఎక్కడో ఒక 2 జారిపోయింది. లోపలి విలువ పెద్దదైతే సమయం చిన్నదవుతుంది, కాబట్టి నౌక ఇంకా కిందికి వస్తూండగానే "అన్నిటికన్నా కిందిచోటు ఇదే" అని ప్రోగ్రామ్ అనుకుంటుంది.

ఎంత తేడా? బరువు 17,500, రేటు 200 అనుకోండి. వేగం గంటకు 36 మైళ్లయితే తేడా సెకనులో వెయ్యో వంతుల్లోనే, చివర కలిపిన 0.05 దాన్ని మింగేస్తుంది. వేగం 360 అయితే తేడా 0.13 సెకను. 0.05 దాన్ని కప్పలేదు. నెమ్మదిగా దిగేవాళ్లకు ఎప్పుడూ కనపడలేదు, ఇన్నేళ్లు దాగింది అందుకే. తిరగరాసేవాళ్లు భాగించే 1.8ని 3.6 చేయండి. అసలు ప్రవర్తన యథాతథంగా కావాలనుకునేవాళ్లు మాత్రం తప్పును తప్పుగానే ఉంచండి, పక్కన వ్యాఖ్య రాయండి.

శ్రీహరికోటగాలి

లెక్కలు చూసి ఆనందించాను. అసలు దిగడానికీ ఈ ఆటకూ ఉన్న పెద్ద తేడా ఒకటి రాస్తాను. ఆటలో నౌక నిట్టనిలువుగా పడుతుంది. నిజంగా అలా ఎవరూ దిగరు. అపోలో ల్యాండర్ సుమారు 15 కిలోమీటర్ల ఎత్తులో ఇంజిన్ మొదలుపెట్టేటప్పుడు సెకనుకు దాదాపు 1.7 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోతుంది. ఇంధనంలో సింహభాగం ఆ అడ్డ వేగాన్ని చంపడానికే ఖర్చవుతుంది. మొత్తం దిగుడు సుమారు 12 నిమిషాలు.

మన చంద్రయాన్-3 కూడా అంతే. 2023 ఆగస్టు 23న దిగుడు మొదలైనప్పుడు ఎత్తు 30 కిలోమీటర్లు, వేగం సెకనుకు 1.68 కిలోమీటర్లు. గట్టి బ్రేకింగ్ 690 సెకన్లు, దాంతో 7.4 కిలోమీటర్ల ఎత్తుకు. తర్వాత 10 సెకన్లు నౌకను ఒకే వాలులో పట్టి ఉంచి ఎత్తు కొలతలు తీసుకోవడం, ఆపైన 175 సెకన్ల సన్నటి బ్రేకింగ్. చివరికి నిలువుగా దిగడం. సాయంత్రం 6:04కి కాళ్లు నేల తాకాయి. శ్రీహరికోట నుంచి బయల్దేరింది జులై 14న.

2019లో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ ఎందుకు పడిపోయిందో ఇస్రో వివరించిన తీరు ఈ ఆట ఆడేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. అయిదు ఇంజిన్లూ అనుకున్నదానికన్నా ఎక్కువ తోశాయి. ఆ తేడాలను అప్పటికప్పుడు సరిదిద్దకుండా, వాలు పట్టి ఉంచే దశ ముగిసేదాకా పేరుకోనిచ్చారు. ఆ తర్వాత సరిదిద్దాలంటే నౌక చాలా వేగంగా తిరగాలి, సాఫ్ట్‌వేర్ తిరిగే వేగానికి హద్దు పెట్టింది. పైగా దిగాల్సిన చోటు 500 × 500 మీటర్లే. చంద్రయాన్-3లో ఆ చోటును 4 కిలోమీటర్లు × 2.4 కిలోమీటర్లు చేశారు, మధ్య ఇంజిన్ తీసేసి నాలుగు ఉంచారు, వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ డాప్లర్ పరికరం కలిపారు, కాళ్లను సెకనుకు 3 మీటర్ల తాకిడికి తట్టుకునేలా చేశారు. సెకనుకు 3 మీటర్లంటే గంటకు 6.7 మైళ్లు. స్టోరర్ ఆటలో 10 లోపు 'మంచి ల్యాండింగ్', 22 లోపు 'అంతంతమాత్రం', 40 లోపు నౌకకు దెబ్బ, 60 లోపు కూలిపోయి 5 గంటల ప్రాణవాయువు మాత్రమే మిగలడం. ఆ పైన అయితే గొయ్యి ఎన్ని అడుగుల లోతో చెబుతుంది, వేగాన్ని 0.2778తో గుణించి.

నిప్పుకోడి

అపోలో 11 దిగేటప్పుడు నౌక కంప్యూటర్ ఇచ్చిన 1202 హెచ్చరిక గురించి కూడా ఎవరైనా రాయండి. వ్యోమగామి రాడార్ స్విచ్‌ను తప్పు స్థానంలో పెట్టడం వల్ల వచ్చిందంటారు కదా?

గోదారిగట్టు

ఆ మాట అన్యాయం. స్విచ్ ఉన్న స్థానం వాళ్ల చెక్‌లిస్ట్‌లో ఉన్నదే. తిరిగి పైకి వెళ్లి మాతృనౌకను కలుసుకోవడానికి వాడే రెండెవూ రాడార్‌కీ కంప్యూటర్‌కీ వేర్వేరు 800 హెర్ట్జ్ కరెంటు సరఫరాలు. వాటి పౌనఃపున్యం ఒకటే, ఫేజు మాత్రం కలవలేదు. దాంతో రాడార్ కోణం నిజంగా కదలకపోయినా, అటూ ఇటూ ఊగుతున్నట్టు కంప్యూటర్‌కి సంకేతాలు వచ్చిపడ్డాయి. రెండు కోణాలకూ కలిపి సెకనుకు 12,800 దాకా. ఒక్కో సంకేతాన్ని లెక్కించడానికి ఒక మెమరీ చక్రం, అంటే 11.7 మైక్రోసెకన్లు పోతుంది. గుణించండి, 0.15 సెకను. ప్రతి సెకనులో 15 శాతం ఊరికే పోయిందన్నమాట.

దిగే ప్రోగ్రామ్ ప్రతి రెండు సెకన్లకు ఒకసారి మార్గదర్శక లెక్క మొత్తం చేయాలి. ఒక లెక్క ముగియకముందే తర్వాతిది మొదలైతే పాతదానికి ఇచ్చిన మెమరీ ఖాళీ అవదు. అలా ఖాళీలు అయిపోయినప్పుడు వచ్చేదే 1202. 1201 అంటే పెద్ద లెక్కలకు వేరే ఉంచిన చోటు అయిపోవడం. అల్డ్రిన్ కంప్యూటర్ కీబోర్డ్ మీద క్రియ (వెర్బ్) 16, నామం (నౌన్) 68 అనే ఆజ్ఞ నొక్కి అదనపు అంకెలు చూస్తున్నప్పుడు భారం ఇంకాస్త పెరిగింది.

ఇక్కడే ఆ సాఫ్ట్‌వేర్ గొప్పతనం. చేతులెత్తేయకుండా పనులన్నీ వదిలేసి మళ్లీ మొదలై, ముఖ్యమైనవి మాత్రమే తిరిగి ఎత్తుకుంది. ఇంజిన్ అదుపు, మార్గం లెక్క ఆగలేదు. మార్గరెట్ హామిల్టన్ బృందం, ఎంఐటీ ఇన్‌స్ట్రుమెంటేషన్ లేబరేటరీ మనుషులు ముందుచూపుతో కట్టిన నిర్మాణం అది.

నిప్పుకోడి

థ్యాంక్సండీ, ఇన్నాళ్లూ తప్పుగా అనుకున్నాను. ఆ కంప్యూటర్‌లో 'తాడు మెమరీ' అంటారే, అది నిజంగా అల్లేవారా?

టెలిటైప్33

అవును, చేతులతో. మారని మెమరీ 36,864 పదాలు. మార్చగలిగేది 2048 పదాలే. పదం అంటే 15 బిట్లు, సరిచూసుకోవడానికి ఇంకో బిట్టు.

మారని మెమరీ ఆరు మాడ్యూళ్లు. ఒక్కో మాడ్యూల్‌లో 512 చిన్న అయస్కాంత ఉంగరాలు. ఒక ఉంగరం 12 పదాలను మోస్తుంది, అంటే 12 × 16 = 192 తీగలు. ఏ తీగ ఉంగరం లోపలి నుంచి పోతే అది 1, పక్క నుంచి పోతే 0. మసాచుసెట్స్‌లోని వాల్తమ్‌లో, రేథియాన్ కర్మాగారంలో మహిళలు సూదితో తీగను ఉంగరంలో దూర్చేవారు. యంత్రం చిల్లుల టేపు చదివి తర్వాతి ఉంగరాన్ని సూది ఎదురుగా తెచ్చి నిలిపేది, దూర్చేది మాత్రం మనిషి చెయ్యే. మన మగ్గం మీద పడుగులో ఏ పోగు పైకి, ఏది కిందికి అన్న లెక్కతోనే నమూనా వస్తుంది కదా, ఇక్కడ ఆ నమూనాయే ప్రోగ్రామ్.

దీనివల్ల ఇబ్బందేమంటే అల్లాక మార్చలేరు. ప్రయాణానికి కొన్ని నెలల ముందే ప్రోగ్రామ్ ఖరారైపోవాలి. తర్వాత తప్పు దొరికితే చేతితో కీబోర్డ్ మీద కొట్టే ఉపాయం వెతకాలి. అపోలో 14లో అదే అయింది, 1971 ఫిబ్రవరి 5న. ఆపేయమనే స్విచ్‌లో ఏదో లోహపు ముక్క, బహుశా సోల్డర్ బిందువు, కదులుతూ కాంటాక్ట్ ఇస్తోంది. దిగేటప్పుడు ఆ సంకేతం వస్తే నౌక దిగడం మానేసి పైకి పోతుంది. ఎంఐటీ ప్రోగ్రామర్ డాన్ ఐల్స్ అప్పటికప్పుడు దారి కనిపెట్టాడు. ఆపే పని ఇప్పటికే జరుగుతోందని కంప్యూటర్ అనుకునేలా మెమరీలో ఒక అంకె మార్చితే అది ఇక ఆ స్విచ్ వైపు చూడదు. మీటల వరస భూమి నుంచి చదివి వినిపించారు, వ్యోమగాములు కొట్టారు, దిగారు.

సున్నాఒకటి

అటారీ క్యాబినెట్ సంగతి మిగిలిపోయింది. దాన్ని బాగుచేయడం తెలిసినవాళ్లున్నారా?

పాతయంత్రం

ఉన్నాం. ముందు మధ్యలో ఒక మెట్టు చెబుతాను. 1973లో జాక్ బర్నెస్ డిజిటల్ కంపెనీ జీటీ40 టెర్మినల్ కోసం రాసిన మూన్‌ల్యాండర్‌లో మొదటిసారి కొండలు గీతలుగా కనిపించాయి, తోపుడును లైట్ పెన్‌తో మార్చేవారు. సరైన చోట దిగితే చంద్రుడి మీద బర్గర్ దుకాణం కనిపిస్తుంది! 1975లో వచ్చిన హెచ్‌పీ-25 క్యాలిక్యులేటర్‌లో అయితే మొత్తం 49 మెట్ల ప్రోగ్రామ్‌లోకి ఈ ఆటను దూర్చారు.

అటారీ లూనార్ ల్యాండర్ 1979 ఆగస్టులో వచ్చింది. 6502 ప్రాసెసర్, ఆ సంస్థకు మొదటి వెక్టర్ ఆట. బొమ్మను వరసలుగా కాదు, ఎలక్ట్రాన్ కిరణాన్ని పెన్నులా నడిపి గీస్తుంది. నాణెం వేస్తే ప్రాణాలు కాదు, ఇంధనం వస్తుంది. అయిదు వేల లోపే అమ్ముడైంది. అదే హార్డ్‌వేర్ మీద నవంబర్‌లో వచ్చిన ఆస్టరాయిడ్స్ డెబ్బయి వేలు దాటింది. మొదటి కొన్ని ఆస్టరాయిడ్స్ బోర్డుల్ని లూనార్ ల్యాండర్ పెట్టెల్లోనే పెట్టి పంపారు కూడా.

ఇక రిపేరు. పిక్చర్ ట్యూబు ఉన్న పెట్టె అది. కరెంటు తీసేసినా యానోడ్ మీద వేల వోల్టులు నిలిచి ఉంటాయి. ఛాసిస్‌కి తీగ కట్టిన స్క్రూడ్రైవర్‌ను రబ్బరు టోపీ కిందికి పోనిచ్చి డిశ్చార్జ్ చేయనిదే చెయ్యి పెట్టొద్దు. ఒక చెయ్యి వెనక ఉంచుకోవడం మంచి అలవాటు.

తెర నల్లగా ఉండి, మానిటర్ బోర్డు మీద 'స్పాట్ కిల్లర్' దీపం వెలుగుతుంటే మానిటరే పోయిందని తేల్చేయకండి. కిరణం కదలకుండా ఒకేచోట నిలిస్తే ఫాస్ఫర్ కాలి మచ్చపడుతుంది. అందుకే కదలిక సంకేతం రాకపోతే ఆ సర్క్యూట్ కిరణాన్ని ఆర్పేస్తుంది. ఆట బోర్డు నడవకపోయినా అదే దీపం వెలుగుతుంది. వరస ఇలా పెట్టుకోండి.

మొదట బోర్డు మీద 5 వోల్టులు కొలవండి, రెగ్యులేటర్ దగ్గర కాదు, ఆట బోర్డు చివరి చిప్ కాళ్ల మీద. ఎడ్జ్ కనెక్టర్ నల్లబడితే అక్కడే అర వోల్టు పోతుంది. అలా పోయినప్పుడు రెగ్యులేటర్ మీద పొటెన్షియోమీటర్ తిప్పి పెంచడం తప్పు. కనెక్టర్ ఇంకా వేడెక్కి కాలుతుంది. కాళ్లు శుభ్రం చేసి, కనెక్టర్ మార్చండి. రెండోది, విద్యుత్ సరఫరాలో పెద్ద నీలం కెపాసిటర్. నలభై ఏళ్లు దాటినదాన్ని పరీక్షించకుండా నమ్మొద్దు. ఎండిపోతే 5 వోల్టుల మీద అల ఎక్కి ప్రాసెసర్ పదే పదే రీసెట్ అవుతుంది. మీటరు డీసీలో మాత్రం 5 వోల్టులే చూపిస్తుంది, అందుకని ఏసీలో పెట్టి కూడా చూడండి.

ఆ రెండూ బాగుంటే అప్పుడు మానిటర్. బొమ్మ ఒక నిలువు గీతగానో అడ్డ గీతగానో ముడుచుకుపోతే, ముడుచుకున్న దిశలో (నిలువు గీత అయితే అడ్డ దిశలో) కిరణాన్ని నడిపే డిఫ్లెక్షన్ ట్రాన్సిస్టర్లలో ఒకటి పోయింది. ఫ్రేమ్‌కి బిగించిన పెద్ద లోహపు ట్రాన్సిస్టర్లు అవే. ఒక దిశకు ఎన్‌పీఎన్ ఒకటి, పీఎన్‌పీ ఒకటి. జతగా మార్చండి, కింద మైకా పలక, పేస్టు మరవద్దు. మైకా లేకపోతే కేసు ఫ్రేమ్‌కి షార్ట్ అయి, స్విచ్ వేసిన క్షణంలో కొత్తది కూడా పోతుంది.

సున్నాఒకటి

తోపుడు మీట వదిలేసినా నౌక కొద్దిగా మండుతూనే ఉంటే?

పాతయంత్రం

ఆ మీట వెనక పొటెన్షియోమీటర్ ఉంటుంది. స్ప్రింగు మీటను మొదటికి తెచ్చినా, స్ప్రింగు సడలితే పూర్తిగా రాదు. ముందు మీటను చేత్తో మొదటి స్థానానికి పూర్తిగా నెట్టి చూడండి, మంట ఆగితే స్ప్రింగు పని. ఆగకపోతే పొటెన్షియోమీటర్ కార్బన్ పట్టీ అరిగింది. మీటను నెమ్మదిగా జరుపుతూ ఓమ్‌లు కొలవండి. అంకె సాఫీగా పెరగకుండా ఎక్కడ ఎగిరిపడితే అక్కడ అరుగుదల ఉంది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొన్నాళ్లు నడుస్తుంది, మార్చడమే శాశ్వతం. మార్చాక టెస్ట్ స్విచ్ వేసి, మీట మొదట్లోనూ చివర్లోనూ తెర మీద విలువలు చూసుకుని బిగించండి.

వెన్నెలదారి

క్యాబినెట్ లేనివాళ్లకు స్టోరర్ ఆట ఎక్కడ ఆడాలో కూడా ఒక మాట. పాత కంప్యూటర్లను అనుకరించే సిమ్‌హెచ్ అనే ఉచిత ఎమ్యులేటర్‌లో పీడీపీ-8 ఉంది. ఫోకల్-69 బైనరీ టేపు లోడ్ చేసి, మెమరీలో ఆక్టల్ 200 చిరునామా నుంచి రన్ చేయాలి. ముందే టెర్మినల్‌ను కేఎస్ఆర్ మోడ్‌లో పెట్టండి, అన్నీ పెద్ద అక్షరాలుగా మారతాయి. చిన్న అక్షరాలు ఫోకల్‌కి తెలియవు. ప్రోగ్రామ్ మొత్తం ఒక్కసారిగా అతికిస్తే అక్షరాలు రాలిపోవచ్చు. నాలుగైదు పంక్తుల చొప్పున అతికించి, చివర్లో ప్రోగ్రామ్ మొత్తం మళ్లీ అచ్చు వేయించి పోల్చుకోండి. ప్రశ్నార్థకం, పక్కన అంకెలు వస్తే అది తప్పు కోడ్. దాని తర్వాత వచ్చే అంకె ఏ పంక్తిలో ఆగిందో చెబుతుంది.

ఏడు సున్నాలు కొట్టి, 47 మైళ్ల 2904 అడుగులు, 3852 వేగం వస్తే మీ టైపింగ్ సరిగ్గా ఉన్నట్టే. రాకపోతే ముందు ఆకర్షణ 0.001 అని ఉందో, 0.01 అని పడిందో చూడండి.